చేతికిచ్చి సంతకం తీసుకునేవాళ్లం

2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు. పేపర్లో లోపలెక్కడో చిన్న వార్త వేశారు. మా వీధిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తపాలా శాఖలో అమలాపురంలో చేరి, రాజోలులో పనిచేసి, రాజమండ్రి హెడ్డాఫీసులో రిటైరైనవాణ్ణి నేను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

స్పీడు పోస్టు చెడ్డదని కాదండీ. రిజిస్టరు ఉత్తరానికి ఒక పద్ధతి ఉండేది. పైన ఎవరి పేరుంటే వాళ్ల చేతికే ఇవ్వాలి. సంతకం చేయించుకోవాలి. సంతకం రానివాళ్ల దగ్గర సాక్షి ఎదుట వేలిముద్ర వేయించుకోవాలి. పంపినవాళ్లు అడిగితే అక్నాలెడ్జ్‌మెంటు కార్డు మళ్లీ వాళ్ల ఇంటికి చేరాలి. ఇప్పుడు స్పీడు పోస్టులో కూడా అదనంగా రుసుము కడితే పేరున్న మనిషికే ఇస్తారు, కాదనను. నిన్నటిదాకా పద్ధతిగా ఉన్నది ఇవాళ విడిగా డబ్బిచ్చి కొనుక్కునేదైంది.

నా గోడు తపాలా గురించి అయితే పోనీలే అని ఊరుకుందును. ఆరోగ్య బీమా కాగితాల విషయంలో జరుగుతున్నది చూస్తేనే ఊరుకోబుద్ధి కావడం లేదు.

మా రోజుల్లో బీమా అంటే ముందు ఒక మనిషి. మా నాన్నగారి తరంవాళ్లు బీమా మాట వస్తే బందరు పేరెత్తేవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1925లో అక్కడ ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు కదా. తర్వాత 1956లో జీవిత బీమా అంతా ఎల్‌ఐసీ కిందికి వచ్చింది. 1973 జనవరి నుంచి మిగతా బీమా కంపెనీలన్నిటినీ నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా చేశారు. 1986లో ఆ నాలుగూ మెడిక్లెయిము మొదలుపెట్టాయి. ఆసుపత్రి ఖర్చుకు కూడా బీమా ఉంటుందని మా ఊళ్లవాళ్లు వినడం అదే మొదలు. ఏజెంటు మన ఊరివాడే అయ్యేవాడు. పగలు బళ్లో పాఠం చెప్పి సాయంత్రం సైకిలు మీద వచ్చే మేస్టారో, ఎరువుల కొట్టు గుమాస్తానో. అరుగు మీద కూర్చుని ఫారం చదివి వినిపించి, ఒక్కో గడీ మన ఎదురుగానే నింపేవాడు. పాలసీ రిజిస్టరు పోస్టులో వచ్చేది. వచ్చిన వారంలో ఏజెంటు మళ్లీ వచ్చి, "కాగితం అందిందాండీ? పేరు సరిగ్గా పడిందేమో చూశారా?" అని అడిగి పోయేవాడు. అడగకపోతే ఊళ్లో మాట పడతాడు మరి.

కోనసీమ లంకల్లో టపా పంచడం మాటలు కాదు. ఊడిమూడి లంక లాంటి ఊళ్లకు పడవ మీద పోవాలి. వరదొస్తే పడవా ఉండదు. అయినా రిజిస్టరు కవరు వేరేవాళ్ల చేతిలో పెట్టి రావడానికి వీల్లేదు. మనిషి లేకపోతే పోస్టుమ్యాన్ కవరు మీదే రాసేవాడు: తలుపు తాళం, ఊళ్లో లేరు, తీసుకోమన్నారు. పక్కన తేదీ, కింద తన పొడి సంతకం. రేపు కోర్టులో జడ్జిగారు అడిగినా ఆ రాత నిలబడాలి. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టులో 27వ సెక్షన్ ఉంది. సరైన చిరునామా రాసి రిజిస్టరు పోస్టులో వేస్తే అందినట్టే లెక్క అంటుంది. అందుకని మా కాలంలో చట్టం బహు దయగలదని నేను చెప్పను. కానీ అందలేదని రుజువు చేసుకోవడానికి అదే సెక్షన్ చోటు పెట్టింది. రుజువు చేసుకోవడానికి ఒక కవరూ, ఒక రాతా, ఒక పోస్టుమ్యానూ ఉండేవారు.

కాగితానికి చావు లేదని కూడా నేననను. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఎన్ని ట్రంకు పెట్టెలు నీళ్లలో నానాయో నాకు తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడ్డప్పుడు కొబ్బరితోటలతో పాటు ఇళ్లకప్పులు లేచిపోయాయి, మనుషులు పోయారు, బీరువాల్లో ఉన్న దస్తావేజులు ముద్దయిపోయాయి. ఆ తర్వాత పెద్దవాళ్లు తడిసిన పాలసీలు ఎండలో ఆరబెట్టుకుని, ఆఫీసుల చుట్టూ నకలు కోసం తిరగడం కళ్లారా చూశాను. ఇవాళ కంప్యూటరులో ఉన్న కాగితాన్ని ఏ వరదా తడపలేదు. 2015లో డిజీలాకర్ వచ్చింది, అందులో ఉన్న పత్రం అసలుతో సమానమని తర్వాత నిబంధనా పెట్టారు. అది మేలు. ఆ మేలుకు నేను అడ్డం చెప్పను. కంప్యూటరులో ఒకటి ఉండటం వేరే సంగతి. కంప్యూటరులో వేశాం కాబట్టి మీకు ఇచ్చేశాం అనడమే నాకు మింగుడు పడటం లేదు.

ఇది ఎలా జరిగిందో చెప్తాను. 2013లో బీమా పాలసీలను షేర్లలాగా ఎలక్ట్రానిక్ ఖాతాలో దాచుకునే ఏర్పాటు చేశారు. 2016లో దానికి నిబంధనలు వచ్చాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ప్రతి పాలసీనీ ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాల్సిందే. మనం కలం పట్టి కాగితం మీద ఫారం నింపినా సరే, పాలసీ మాత్రం అలాగే వస్తుంది. కాగితం కావాలంటే మనమే అడగాలి. బీమా కేంద్రప్రభుత్వ జాబితాలోని అంశం కాబట్టి దీని మీద అమరావతిలో చట్టం చెయ్యడానికి లేదు. నిబంధనలు రాసేది ఐఆర్‌డీఏఐ. ఆ ఆఫీసు ఉన్నది హైదరాబాదులో, నానక్‌రామ్‌గూడలో. తెలుగునేల మీద కూర్చుని రాసిన నిబంధన ఇది.

ఇక 2000 సంవత్సరపు ఐటీ చట్టం చూడండి. అందులో 13వ సెక్షన్ ఏమంటుందంటే, ఫలానా ఈ-మెయిలుకు పంపమని మనం చెప్పి ఉంటే, ఆ పత్రం ఆ పెట్టెలోకి ప్రవేశించిన క్షణమే మనకు చేరినట్టు. తెరిచామా, చదివామా, అసలు ఆ పెట్టె తాళం మన దగ్గర ఉందా అన్న ప్రశ్న లేదు. 12వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. రసీదు ఇలాగే ఉండాలని ముందుగా ఒప్పందం లేకపోతే, యంత్రం తనంతట తాను పంపే జవాబు కూడా రసీదే. మేము సాక్షిని పెట్టుకుని వేలిముద్ర వేయించుకున్న చోట ఇప్పుడు యంత్రానికి యంత్రం సంతకం చేస్తోంది.

ఇది వకీళ్ల గొడవ అనుకోకండి. కొత్త ఆరోగ్య పాలసీ తీసుకుంటే, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువుంది. ఆ 30 రోజులు లెక్కబెట్టేది పత్రం మనకు అందిన రోజు నుంచి. అందిన రోజు ఏదో తేల్చకుండా ఆ హక్కుకు అర్థమేముంది?

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా అబ్బాయి డల్లాస్ నుంచే మా ఇద్దరికీ పాలసీ తీశాడు. కంపెనీ పేరు అనవసరం. ఫారంలో ఫోను నంబరు వాడిది, ఈ-మెయిలు వాడిది. పీడీఎఫ్ వాడికి వెళ్లింది. దానికో పాస్‌వర్డ్. వాడు ఉద్యోగం హడావుడిలో ఉండి శనివారం చూశాడు, ఆదివారం వాట్సాప్‌లో పంపాడు. నేను నెట్ సెంటరులో ప్రింటు తీయించాను. యాభై పైచిలుకు పేజీలు, ఒక్క తెలుగు అక్షరం లేదు. మా ఆవిడ మోకాళ్ల ఆపరేషనుకు ఎన్నాళ్లు ఆగాలో ఆ పేజీల్లో ఎక్కడో ఉంది. నేను ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణి, ఓపికగా వెతికి పట్టుకున్నాను. ఆవిడ పేరు మీదున్న పాలసీ ఆవిడ చదువుకోలేదు. కంపెనీ లెక్కలో మాత్రం పాలసీ ఆవిడకు అందిపోయి అప్పటికి చాలా రోజులైంది.

మా వీధి చివర ఒక రిటైర్డు టీచరుగారి దంపతులున్నారు. వాళ్లకూ ఇలాంటి పాలసీయే, పిల్లలూ డల్లాస్‌లోనే. మొన్న మే నెలలో మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. రాజమండ్రిలోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇన్సూరెన్సు డెస్కు దగ్గర కుర్రాడు మర్యాదగానే అడిగాడు, "పాలసీ కాపీ ఇవ్వండమ్మా, లేదా కార్డు నంబరు చెప్పండి" అని. ఆవిడ దగ్గర రెండూ లేవు. ఆప్ తెరిస్తే ఓటీపీ కొడుకు ఫోనుకు పోతుంది. ఇక్కడ మధ్యాహ్నం రెండైతే వేసవిలో అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఫోను సైలెంటులో పెట్టి పడుకున్నాడు పాపం. ఆవిడ ఒంటి మీది గాజులు తీయబోతే నేనే ఆపి, అడ్వాన్సు కట్టాను. క్యాష్‌లెస్ అడిగిన గంటలో కంపెనీ నిర్ణయం చెప్పాలని 2024 మే నెల సర్క్యులరులో రాశారు. డిశ్చార్జి రోజు మూడు గంటల్లో తేల్చాలన్నారు. మంచి మాటే. కానీ ఆ గంట మొదలయ్యేది ఆసుపత్రి వాళ్లు వివరాలు పంపాకే కదండీ. వివరాలు డల్లాస్‌లో నిద్రపోతుంటే గడియారం ఎక్కడ మొదలవుతుంది?

ఇంటర్నెట్టు ఎప్పుడూ ఉంటుందన్న భరోసా కూడా మా గోదావరి జిల్లాల్లో ఎవరూ ఇవ్వలేరు. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మీద అమలాపురంలో అల్లర్లయ్యాయి, ఇళ్లు తగలబెట్టారు. ఆ వెంటనే జిల్లాలో ఇంటర్నెట్టు ఆపేశారు. రోజుల తరబడి అలాగే ఉంది. ఆ రోజుల్లో రోగాలు ఆగాయా? ప్రసవాలు ఆగాయా? బీరువాలో కాగితం ఉన్నవాడు కాగితం తీసుకెళ్లాడు. ఫోనులో మాత్రమే ఉన్నవాడు ఏటి అవతలికి పోయి సిగ్నలు వెతుక్కోవాలి. శాంతిభద్రతల కోసం ఆపడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. ఆపే వీలున్న దారి ఒక్కటే పెట్టి, మనిషి ప్రాణానికి సంబంధించిన కాగితాన్ని ఆ దారిలోనే పంపుతామనడం అన్యాయం.

పిల్లలు ఊరుకోరు కదా, "అమెరికాలో అంతా ఇలాగే నాన్నగారూ" అంటారు. అమెరికా సంగతీ చూద్దాం. అక్కడ కూడా సరిగ్గా 2000లోనే, జూన్ 30న, ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం వచ్చింది. అందులో రెండు మాటలు నాకు ఎంతో నచ్చాయి. కాగితంగా ఇవ్వాల్సిన సమాచారాన్ని ఎలక్ట్రానిక్‌గా ఇవ్వాలంటే వినియోగదారుడు ముందుగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి: ఆరోగ్య బీమా రద్దవుతోందనే నోటీసును ఆ చట్టం వర్తించని వాటిలో చేర్చారు. నీళ్లూ కరెంటూ ఆపుతామనే నోటీసులు, ఇల్లు జప్తు చేస్తామనే నోటీసులు ఎలాంటివో ఇదీ అలాంటిదే అన్నారు. తర్వాత చాలా రాష్ట్రాలు బీమా కాగితాలు ఈ-మెయిల్లో పంపడానికి తమ తమ చట్టాలు చేసుకున్నాయి. ఈ మధ్య కొన్నిచోట్ల ఉద్యోగుల తరపున యజమానే ఒప్పుకోవచ్చని కూడా రాసుకున్నారు. అది నాకు నచ్చలేదు. ఒకరి కాగితానికి మరొకరి ఒప్పుదలేమిటి? అక్కడా జారుతున్నారన్నమాట. అయినా మనిషిని అడగాలి అన్న మెట్టు మీంచి వాళ్లు మొదలుపెట్టారు. అదే ఏడాది వచ్చిన మన ఐటీ చట్టం కొన్నిటిని పక్కన పెట్టింది. వీలునామా, పవరాఫ్ అటార్నీ, ట్రస్టు పత్రం, స్థిరాస్తి అమ్మకం, ఇవన్నీ. ఆస్తి కాగితాలు గుర్తొచ్చాయి. ఆసుపత్రి కాగితం గుర్తు రాలేదు.

రద్దు మాట ఎందుకంత పట్టుకున్నానంటే, మన దగ్గర పాలసీ పోయేది ఎక్కువగా కంపెనీ రద్దు చేసి కాదు, మనం రెన్యూవల్ మరిచిపోయి. గడువు దాటాక మరో 30 రోజులు గ్రేసు ఇస్తారు. అదీ దాటితే అన్నాళ్లుగా కట్టుకొచ్చిన వరస తెగిపోతుంది. పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సిన కాలం మళ్లీ మొదటికొస్తుంది. 60 నెలలు వరసగా కట్టినవాళ్లను, మోసం చేస్తే తప్ప, ఫలానా జబ్బు దాచారని క్లెయిము తిప్పికొట్టకూడదన్న రక్షణ ఉంది. అదీ పోతుంది. షుగరూ బీపీ లేని ఇల్లు గోదావరి జిల్లాల్లో వెతికినా దొరకని ఈ రోజుల్లో అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అంత ముఖ్యమైన గడువు సంగతి ఒక ఎస్సెమ్మెస్సులో వస్తుంది. చీరల డిస్కౌంటు, అప్పు కావాలా, రీచార్జి అయిపోయింది, వాటి మధ్యలో. డెబ్బయ్యేళ్ల మనిషి దాన్ని విడదీసి గుర్తుపట్టాలా? మా రోజుల్లో గడువు నోటీసు విడిగా కవరులో వచ్చేది. పోస్టుమ్యాన్ గుమ్మంలోనే, "బీమా కాగితం లాగుందండీ, చూసుకోండి" అని చెప్పి ఇచ్చేవాడు.

తెలుగు విషయం కూడా చెప్పాలి. 2024 జనవరి 1 నుంచి ప్రతి ఆరోగ్య పాలసీతో పాటు సమాచార పత్రం ఒకటి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఎంత మొత్తం, ఏవి వస్తాయి, ఏవి రావు, ఎన్నాళ్లు ఆగాలి, క్లెయిము ఎలా, ఫిర్యాదు ఎక్కడ, అన్నీ తేలిక మాటల్లో ఉండాలి. పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలి. అందినట్టు పాలసీదారు నుంచి రసీదు తీసుకోవాలి. చదివి సంతోషించాను. ఎవరో మా రోజుల సంగతి గుర్తున్నవాళ్లే రాసి ఉంటారనుకున్నాను. కానీ 'కోరితే' అన్న షరతు ఉంది చూశారా, అక్కడే ఆగిపోయింది అంతా. అలాంటి హక్కుందని తెలియని మనిషి ఎలా కోరతాడు? మా వీధిలో పాలసీలున్న ఇళ్లలో నేను అడిగి చూశాను. తెలుగులో ఆ పత్రం వచ్చినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. రసీదు మాత్రం అందరి దగ్గరా తీసుకున్నట్టే ఉంటుంది, ఏదో తెర మీద 'అంగీకరిస్తున్నాను' దగ్గర టిక్కు పెట్టి ఉంటారు.

కంప్యూటరు పెట్టినా పని సవ్యంగా చెయ్యొచ్చనడానికి మన దగ్గరే దాఖలా ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలై, ఆ డిసెంబరుకల్లా మన ఉభయగోదావరులకూ వచ్చింది. అదీ కంప్యూటరు మీద నడిచిందే, అనుమతులన్నీ అందులోనే. కానీ ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషిని కూర్చోబెట్టారు. తెల్లకార్డు పట్టుకుని లంకలోంచి వచ్చిన ముసలమ్మ పాలసీ పత్రం చూపించక్కర్లేదు, పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. ఆమె కార్డు నంబరు చూసి మిగతాది ఆ ఆరోగ్యమిత్రే చూసుకుంటుంది. 2020 జనవరి 3న ఏలూరులో క్యూఆర్ కోడున్న కార్డులు మొదలుపెట్టినప్పుడు కూడా కార్డు అన్నది చేతికి వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, పథకం పేరు మారింది, ఆసుపత్రులకు బకాయిల గొడవలు వచ్చాయి, అవన్నీ నిజమే. కార్డు చేతికివ్వాలి, గుమ్మంలో మనిషుండాలి అన్న సంగతి మాత్రం ఆ పథకం రాసినవాళ్లకు తెలిసింది. వేలకు వేలు ప్రీమియం కట్టించుకునే కంపెనీలకు తెలియకపోవడమేమిటి?

నేను కోరేది ఇంతే. అరవై దాటిన ప్రతి ఒక్కరికీ అడక్కుండానే కాగితం పాలసీ ఇంటికి పంపాలి. దానిపైన తెలుగులో రెండు పేజీల సమాచార పత్రం పిన్ను కొట్టి ఉండాలి. పాలసీ ఎవరి పేరు మీదుంటే వాళ్ల సంతకమో వేలిముద్రో పడిన తేదీ నుంచే 30 రోజులు లెక్కబెట్టాలి. గడువు ముంచుకొస్తే ఒక కవరు పంపాలి, జవాబు రాకపోతే ఒక మనిషి వచ్చి అడగాలి. వీటికి ఎంతవుతుందండీ? కవరుకు స్టాంపు ఖర్చెంతో నాకు తెలుసు, ఉద్యోగమంతా స్టాంపులమ్మినవాణ్ణి. ఈ సంగతంతా తెలుగులో రాసి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు స్పీడు పోస్టులో పంపాను, అదనపు రుసుము కట్టి మరీ.

వాళ్ల జవాబు వచ్చేవరకూ చెయ్యగలిగింది చేస్తున్నాను. మా వీధిలో ఎవరు పాలసీ తీసుకుంటున్నా సంతకానికి ముందు ఫారం నాకు చూపించమన్నాను. కిందటి వారం పక్కింటి వదినగారి ఫారం వచ్చింది. ఈ-మెయిలు గడిలో ఏజెంటు కుర్రాడు తన సొంత ఈ-మెయిలు రాసేశాడు, ఫోను దగ్గర తన నంబరే.

"ఇదేంటి బాబూ?" అన్నాను.

"ఆవిడకి మెయిలు లేదు కదండీ మాస్టారూ. నాకొస్తే నేను చూసి చెప్తానండి."

"నువ్వు మంచివాడివే. రేపు ఈ ఉద్యోగం మానేస్తే?"

కుర్రాడు మాట్లాడలేదు. ఆ రెండూ కొట్టేయించి, వదినగారి ఫోను నంబరు రాయించాను. కాగితం రూపంలో కూడా కావాలి అన్న చోట టిక్కు పెట్టించాను. సమాచార పత్రం తెలుగులో కావాలని ఫారం కింద ఖాళీలో ఆవిడ చేతే రాయించి, సంతకం పెట్టించి, తేదీ వేయించి, జిరాక్సు తీసి ఒక కాపీ ఆవిడ బీరువాలో పెట్టించాను. కుర్రాడు వెళ్తూ, "ఇలా అడగొచ్చని మాకు ట్రైనింగులో చెప్పలేదండీ" అన్నాడు.